గడ్డి కింద తడి

కిందటి వారం మిమ్మల్ని ఎక్కడ వదిలానో నేనూ అక్కడే నిలబడి ఉన్నాను. కొట్టు షట్టర్ సగం ఎత్తాను. మిగతా సగం ఎత్తేలోపు మా చిన్న మరదలు పరిగెత్తుకుంటూ వచ్చి, "వదినా, మన కోర్టు లేచి కూర్చుంది!" అంది.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ళకి లెక్క అప్పజెప్పడం నా ధర్మం. నాకు ఇద్దరు తమ్ముళ్ళు. ఒకదానికొకటి వీపు చూపిస్తూ నిలబడ్డ రెండు ఇళ్ళు వాళ్ళవి. రెండిళ్ళకీ కలిపి మధ్యలో ఒకే పెరడు, అడుగు నుంచి అంచు దాకా బంకమట్టి. తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేశాక పెరడు నడుమ గోడ కట్టేద్దామని పెద్ద తమ్ముడు పట్టుబట్టాడు. చిన్నవాడు సరేనన్నాడు. ఇటుకలు కూడా దిగిపోయాయి. తివాచీలూ తెరలూ అమ్ముకుని బతికేదాన్ని, బేరం తెగిపోతుంటే చూస్తూ ఊరుకోలేను. "గోడ కట్టే గీత మీదే వల కడదాం. వల కూడా అడ్డమే కదరా. కాకపోతే దాని మీద నుంచి బంతి వెళ్తుంది," అన్నాను. చిన్న మరదలు బడిలో ఆటల టీచరు, కాబట్టి పిల్లలకి టెన్నిస్ నేర్పడానికి ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న కోర్టు అని ఒప్పించాను. పెద్ద తమ్ముడు ఒక్క షరతు పెట్టాడు. ఈ వానాకాలం దాటేదాకా కోర్టు చెక్కుచెదరకుండా ఉంటే సరి, లేదంటే ఇటుకలు లేస్తాయి.

వానాకాలం ఇంకా మొహం కూడా చూపించలేదు. కోర్టు లేచి కూర్చుంది.

మా ఇంట్లో చిన్న మరదల్ని అందరూ ఈల అంటారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది, అది లేనప్పుడు కూడా గొంతు అలాగే ఉంటుంది. ఆ పొద్దున మాత్రం దారి పొడుగునా గొంతు తగ్గించే మాట్లాడింది.

"నేను ఒక్క మాట అననా వదినా? ఇది ఆవిడ పనే."

"ఆవిడంటే ఎవరమ్మాయ్? ఆ ఆవిడకి ఒక వరస ఉంది."

"వరసలు పలకరించుకునేవాళ్ళకి."

కొట్టు తెరవకుండా ఉదయం పూట వీధిలో నడవడం నాకు అలవాటు లేదు. అంతా కొత్తగా ఉంది. మంగలి తన గుమ్మం ముందు వెంట్రుకలు ఊడుస్తున్నాడు. అవి గాలికి లేచి మళ్ళీ అక్కడే దిగుతున్నాయి. పాల బండి వెళ్ళిపోయినా సీసాల చప్పుడు ఇంకా చెవిలో ఉంది. ఎండ ఇంకా వీధిలోకి దిగలేదు, మేడల పై అంతస్తుల దగ్గరే ఆగింది. నిద్రలో నడుస్తున్నట్టుగా ఉంది నాకు.

చిన్న తమ్ముడు రాత్రి బస్సు నడుపుతాడు. వాడి గది కిటికీలోంచి గురక పెరట్లోకి వినిపిస్తోంది. ఆ గురక చప్పుడు మీదే మేం పెరట్లోకి అడుగుపెట్టాం.

చూడగానే నాకు కోపం రాలేదు. ముందు, బాగుంది అనిపించింది. ఇలాంటివి కొట్టులో కూర్చున్నప్పుడు అనిపించవు. పచ్చటి దుప్పటి కప్పుకుని ఎవరో పక్కకి తిరిగి పడుకున్నట్టు పెద్ద తమ్ముడి ఇంటి వైపు కోర్టు మెల్లగా ఉబ్బి ఉంది. తెల్ల గీత ఆ ఉబ్బు మీద ఎక్కి, దిగి, మళ్ళీ నేలకి వచ్చింది. వల తాడు మాత్రం ఏమీ ఎరగనట్టు తిన్నగా నిలబడింది. గడ్డి మీద మంచు లేదు, మంచు ఉన్నట్టు మెరుపు మాత్రం ఉంది.

ఆ మెరుపు గురించి కూడా ఒక గొడవ ఉంది. తివాచీ అయినా ఈ ప్లాస్టిక్ గడ్డి అయినా పైకి లేచిన పోగులు, అదే నూగు, ఒకే వైపు వాలి ఉంటుంది. చుట్టలన్నీ ఒకే దిక్కుకి పరిస్తేనే అతుకులు కనిపించవు. అందుకని నూగు వాలిన వైపు నుంచి చూసేవాళ్ళకి లేతగా, ఎదురు వైపు నుంచి చూసేవాళ్ళకి ముదురుగా కనిపిస్తుంది. పరిచిన రోజునే ఈల నా దగ్గరకొచ్చి, "మాకు పాత సరుకు వేశారు వదినా, వాళ్ళకి నిగనిగలాడేది వేశారు," అంది. మర్నాడు పెద్ద మరదలు మెల్లగా, "మా వైపుది వెలిసిపోయినట్టుందండీ," అంది. ఇద్దర్నీ చెరో పక్కకి పంపి ఎదుటి కిటికీలోంచి చూడమంటే అయిపోయేది. కానీ ఎదుటి ఇంటి గడప ఎవరు తొక్కుతారు?

ఉబ్బు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నొక్కాను. రొట్టెపిండిలా కొంచెం లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. గోడ వారన అంచు పట్టీ మేకు పీకి గడ్డిని వెనక్కి మడిచాను. కింద పరిచిన గుడ్డ తడిగా ఉంది. దాని కింద కంకర తడిగా ఉంది. రెండు వేళ్ళు కంకరలోకి పోనిచ్చి మట్టి తీశాను. అది వేళ్ళకి అంటుకుని వదలడం లేదు.

బంకమట్టితో బేరం చేసినవాళ్ళకి తెలుస్తుంది. నీళ్ళు తాగితే పొంగుతుంది, ఎండితే ముడుచుకుపోయి నోళ్ళు తెరుస్తుంది. ఎంత పెట్టినా తృప్తి లేని కొనుగోలుదారు లాంటిది. అందుకే పైన కంకర పోయించాను, రాతి పొడి చల్లించాను, దిమ్మిస మిషన్‌తో నేల దద్దరిల్లేలా కొట్టించాను. పైనుంచి వానే లేదు. మరి ఈ తడి ఎక్కడిది?

"చూశారా?" అంది ఈల. "వాన పడలేదు. మా కుళాయి నేను తిప్పలేదు. మీ తమ్ముడు ఈ పక్క పడ్డ చెంచా కూడా తియ్యడు. ఇంకెవరు మిగిలారు? గోడ కావాలనుకున్నవాళ్ళే కదా! కోర్టు పాడైతే గోడ లేస్తుంది. అంతకన్నా లెక్క ఏముంది?"

లెక్క సరిగ్గానే ఉంది. నా దగ్గరికి ఎవరైనా అలాంటి లెక్క పట్టుకొస్తే నేనూ ఒప్పుకుంటాను. కానీ మరీ సరిగ్గా సరిపోయే లెక్కని నేను ఇంకోసారి చూస్తాను.

అంతలో పెద్ద మరదలి వంటింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు సానపడుతుంది. రోజంతా చిన్న చిన్న గాజు ముక్కల్ని వేళ్ళ చివర పట్టుకుని పనిచేసే మనిషి, దేనికీ తొందరపడదు. గుమ్మంలో నిలబడి మడిచిన గడ్డినీ, నా బురద వేళ్ళనీ, ఆఖరికి ఈలనీ చూసింది.

"నేనే పోశాను," అంది.

ఈల నోట్లో సిద్ధంగా ఉన్న మాటలన్నీ ఎటు పోయాయో. ఎదుటివాళ్ళు కాదంటారని ఎంతో సామాను మోసుకొచ్చి, తీరా వాళ్ళు అవునంటే ఆ సామాను ఎక్కడ దించాలో తెలియదు.

"విన్నారా వదినా? విన్నారు కదా! ఒప్పుకుంది!" అంది చివరికి.

"విన్నాను. ఊపిరి తీసుకో," అన్నాను. పెద్ద మరదలి వైపు తిరిగి, "ఎందుకు పోశావు అమ్మాయ్?" అన్నాను.

ఆవిడ మెట్టు దిగి వచ్చి తన ఇంటి గోడకి చెయ్యి ఆనించింది. ఆ గోడ మీద పైనుంచి కిందికి సున్నం పూసి పూసి మానిపోయిన గాయంలా ఒక గీత ఉంది.

"మేం దిగిన మొదటి ఎండాకాలం ఇక్కడ బీట పడింది, గుర్తుందా వదినా? పడుకుంటే పడకగదిలోకి పెరటి వెలుతురు సన్నగా వచ్చేది. రోజురోజుకీ అది కొంచెం కొంచెం వెడల్పవుతుంటే చూస్తూ పడుకునేదాన్ని. మట్టి ఎండి గోడ కిందనుంచి జరిగిపోతోందని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఎండలు ముదిరాయంటే సాయంత్రం పూట గోడ పొడుగునా గొట్టం పెట్టి తడుపుతాను. మట్టి తడారకుండా ఉంటే గోడ కదలదు. ఆ బీట మళ్ళీ తెరుచుకోలేదు."

"మీ గోడ మీరు తడుపుకోండి, మా కోర్టు ఎందుకు తడిపారు?" అంది ఈల.

"తడపడానికి మట్టి ఎక్కడ మిగిలింది? గోడని ముట్టుకునేదాకా గడ్డి పరిచేశారు కదా." పెద్ద మరదలు నా వైపు చూసింది. ఆ చూపులో నవ్వు ఉంది. "వదినది గదుల వ్యాపారం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మూల కూడా వదలకుండా, బిగించి పరిచారు. పెరట్లో ఉన్నామని మర్చిపోయినట్టున్నారు."

నిజమే. గదిలో తివాచీ పరిచినప్పుడు అంచు దగ్గర ఖాళీ కనిపిస్తే పరువు పోతుంది. ఆ పరువుని పెరట్లోకి తెచ్చాను. పైగా రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్య నిలబడేదాకా చదును చేయించాను. గదికి అదే అందం. ఎటూ వాలు లేకపోతే పెరట్లో నీళ్ళు ఎటు పోతాయో ఆలోచించలేదు.

"మా గుమ్మం లోపల్నుంచే పట్టీ కింద గొట్టం దూర్చి పెట్టాను," అంది ఆవిడ. "ఇదివరకటి కంటే ఎక్కువ నీళ్ళే వదిలాను. అందుకే పొంగి ఉంటుంది."

"ఎక్కువ ఎందుకు?" అన్నాను.

ఆవిడ పైట కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"రెండు గోడలకి కావాలి కదా," అంది.

ఆ మాట నాకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. ఈలకి ఇంకా ఎక్కువ పట్టింది. గురక ఒకటి పూర్తయి ఇంకొకటి మొదలైంది.

"రెండో గోడ ఏది?" అంది ఈల.

"మీదే."

"మా గోడకి మీరు నీళ్ళు పెట్టడం ఏంటి?"

"మొదట్నుంచీ పెడుతున్నాను. నువ్వు సాయంత్రాలు మైదానంలో పిల్లల్ని పరిగెత్తిస్తుంటావు. మరిది నిద్రలేచి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. మా గోడ అయ్యాక గొట్టం లాక్కుంటూ అటు వచ్చి మీ గోడ వారన పెట్టేదాన్ని. మట్టి ఒకటే కదా, మాది జరిగితే మీది ఆగుతుందా? ఈ గడ్డి పరిచాక నువ్వు సాయంత్రాలు కోర్టులోనే ఉంటున్నావు. నీ కళ్ళెదుట మీ వైపు ఎలా రాను? కంకర కింద దారి ఉంది కదా, ఇక్కడ వదిలితే అక్కడిదాకా వెళ్తుందనుకున్నాను. కంకర ఇంత చదునుగా ఉంటుందని నాకేం తెలుసు? ఇక్కడే నిలిచిపోయింది."

ఈ తోడికోడళ్ళ మధ్య మాట ఎక్కడ తెగిందో కొత్తవాళ్ళకి చెప్పలేదు కదూ. ఆ బీట దగ్గరే తెగింది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు నలుగురి మధ్యలో ఈల, "మా మేస్త్రి సిమెంటు వేశాడు, అక్కావాళ్ళ మేస్త్రి వేస్తానని మర్చిపోయాడు, అందుకే మా ఇంటికి ఒక్క గీత లేదు," అని నవ్వింది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. పెద్ద మరదలు పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఒకే పెరట్లో రెండు నిశ్శబ్దాలు కాపురం పెట్టాయి.

ఈల వల పక్కనుంచి తన ఇంటి వైపు నడిచింది. గోడ దగ్గర నిలబడింది. సున్నం తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉంది. అరచేయి పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పక్కకి తడిమింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరికీ చూపించి గొప్పలు పోయిన గోడని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు తడిమింది. సూర్యుడు మేడల మీద నుంచి ఆ గోడ మీదకి దిగాడు. గడ్డి మీంచి వెలుగు దాని మీద పాకి, గోడ కూడా పచ్చబడింది. అక్కడ నిలబడ్డ మనిషి చెరువు అడుగున నిలబడినట్టు కనిపించింది.

"చెప్పొచ్చు కదా," అంది అక్కణ్ణుంచే. ఆ గొంతులో ఈల లేదు.

"ఎలా చెప్పను? మనం మాట్లాడుకోవడం లేదు కదా."

"మాట్లాడకుండా నీళ్ళు పెడతారా ఎవరైనా?"

"నీళ్ళకి మాటలు అక్కర్లేదు."

"నేనన్నదానికి... గోడ కూలిపోనిస్తే సరిపోయేది కదక్కా."

అక్కా అంది. పెద్ద మరదలు విననట్టు ఉండిపోయింది. విన్నదని నాకు తెలుసు, ఎందుకంటే మళ్ళీ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"కూలితే నీ మీద కదా పడేది," అంది. "పైగా ఆ గురక ఎక్కడికి పోతుంది? మా ఇంటికే వస్తుంది."

ఈల నవ్వబోయి, మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. అది నవ్వో కాదో నేను లెక్క తేల్చదల్చుకోలేదు. నా వ్యాపారంలో నేను ఎన్నో సరుకులు చేతులు మారడం చూశాను. అమ్మినవాళ్ళకి తెలుస్తుంది, కొన్నవాళ్ళకి తెలుస్తుంది. ఒకరు ఇస్తూనే ఉండి, తీసుకునేవాళ్ళు అది తమ సొంతమనే అనుకుంటూ ఉన్న బేరం నేను అంతకుముందు చూడలేదు. దాన్ని ఏ పద్దులో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ కోర్టు సంగతి తేలాలి. ఆ ఉబ్బు పెద్ద తమ్ముడి కంట్లో పడితే షరతు గుర్తు చేస్తాడు.

"వినండి ఇద్దరూ," అన్నాను. "రెండు గోడల వారనా గడ్డి కత్తిరిద్దాం. మట్టి మట్టిగానే ఉంటుంది, తడుపుకోండి, పూలు పెట్టుకోండి, మీ ఇష్టం. మిగతాది ఎత్తి, కంకర మళ్ళీ సర్ది, నడుమ ఎత్తుగా రెండు పక్కలకీ వాలు ఇద్దాం. వాన నీళ్ళు ఈ గోడ వారన కొన్ని, ఆ గోడ వారన కొన్ని చేరతాయి. అక్కణ్ణుంచి బయటికి చిన్న కాలవ తీద్దాం. కోర్టు కాస్త పొట్టిదవుతుంది. ఏమంటావు టీచరమ్మా?"

"పొట్టిదైతే నా పిల్లలు తొందరగా బంతి దగ్గరికి చేరతారు. నాకేం నష్టం?" అంది ఈల. వెంటనే, "మా వైపే ఎక్కువ కత్తిరించండి," అంది.

"సమానంగా," అంది పెద్ద మరదలు.

"మా వైపే అంటున్నా కదక్కా!"

"సమానంగా అంటున్నా కదా!"

అమ్మయ్య, పోట్లాడుకుంటున్నారు అనుకున్నాను. మాట్లాడుకోనివాళ్ళు పోట్లాడుకోరు.

ముగ్గురం కలిసి గడ్డి చుట్టడం మొదలుపెట్టాం, పెద్ద మరదలి గోడ నుంచి వల వైపు. గడ్డిలోకి చల్లిన ఇసుక వాన చప్పుడులా రాలుతోంది. జిగురు అతుకు విడిపోతుంటే పొడుగ్గా నిట్టూర్చినట్టు వినిపించింది. ఉబ్బు ఉన్నంత మేరా కంకర తడిగా, నల్లగా ఉంది. అది దాటాక తడి తగ్గుతూ వచ్చింది. ఇంకొంచెం ముందుకి వెళ్ళేసరికి పూర్తిగా పొడి. రాతి పొడి లేచి ఈల తుమ్మింది కూడా. మంచిదే, చెడింది ఈ వైపు ముక్క ఒక్కటే, వారంలో సరిచెయ్యొచ్చు, పెద్దవాడికి తెలిసేలోపే గడ్డి మళ్ళీ పరిచెయ్యొచ్చు అని మనసులోనే లాభం వేసుకున్నాను.

చుట్ట వల కింద గీత మీదకి వచ్చింది.

నా మోకాలు చల్లగా అయింది. కిందికి చూశాను. చీర తడిసింది. కంకర రాళ్ళు కడిగి పెట్టినట్టు మెరుస్తున్నాయి, ఒక్కొక్క రాయి చుట్టూ నీళ్ళు. బురద నీళ్ళు కావు, గాజులా ఉన్నాయి.

"ఇంత దూరం వచ్చాయా నా నీళ్ళు?" అంది పెద్ద మరదలు.

"ఎలా వస్తాయి? మధ్యలో అంతా పొడిగా ఉంది కదా. ఇప్పుడే తుమ్మాను," అంది ఈల.

ముగ్గురం వెనక్కి తిరిగి చూశాం. గోడ వారన నల్లటి తడి, తర్వాత తెల్లటి పొడి, ఆ తర్వాత మా కాళ్ళ దగ్గర ఈ నీళ్ళు. రెండు తడులకీ సంబంధం లేదు. నేను చేత్తో నాలుగు రాళ్ళు పక్కకి జరిపాను. చిన్న గుంట పడింది. నిండింది. దాంట్లో మా ముగ్గురి మొహాలూ, వెనక ఆకాశం ముక్కా కనిపించాయి. ఒక్క క్షణం కూడా అవి కుదురుగా లేవు. నీళ్ళు అడుగు నుంచి మెల్లగా, ఎవరో లోపల ఊపిరి తీస్తున్నట్టు, పైకి వస్తున్నాయి.

"వదినా," అంది ఈల గుసగుసగా, "ఇవి కదులుతున్నాయి."

నేను ఇంకో రాయి తీయబోయాను.

"అక్కా! అక్కడ తవ్వకు!"

పెద్ద తమ్ముడు వంటింటి గుమ్మంలో ఉన్నాడు. సగం గెడ్డం గీసుకున్నాడు, మిగతా సగం మీద సబ్బు నురగ ఆరిపోతోంది. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎంత ఎత్తున వేలాడుతున్నా బెదరడని పేరు. అలాంటివాడు రేజరు కింద పెట్టడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చాడు.

వాడు మడిచిన గడ్డిని చూడలేదు. ఉబ్బుని చూడలేదు. కోర్టు పాడైందని ఒక్క మాట అనలేదు, షరతు గుర్తుచేయలేదు. చిన్న తమ్ముడి కిటికీ వైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"మూసేయండి. వాడు లేవకముందే మూసేయండి."

పెద్ద మరదలు లేచి నిలబడింది. మొగుడి మొహం వైపు, కాళ్ళ దగ్గర నీళ్ళ వైపు, మొదట గోడకని గుర్తుపెట్టి తర్వాత వల కట్టిన గీత వైపు చూసింది. అద్దాన్ని వెలుతురుకి పట్టుకుని గీతలు వెతికినట్టు తొందర లేకుండా చూసింది.

"అంటే, గోడ మీరు అడిగింది," అంది, "నేనూ చెల్లీ మాట్లాడుకోవడం లేదని కాదు, ఈ నీళ్ళని దాచడానికన్నమాట."